అప్‌డేట్ తర్వాత వాయిస్ అసిస్టెంట్ కాల్ కూడా కలపడం లేదు, నాన్నకు కళ్లు కనపడవు. దారి చెప్పండి

గోదారి_గట్టు
నాన్నకు గ్లకోమా. వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియదు. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది ఒక్క పని కోసమే, నోటితో చెబితే కాల్ కలుస్తుందని. ఫోన్ చొక్కా జేబులోనే ఉండేది. "కాల్ పెద్దోడు" అనేవారు, నాకు రింగ్ వచ్చేది. నాకు రెండు నంబర్లున్నాయి కాబట్టి "మొబైలా, ఆఫీసా?" అని అది గొంతుతోనే అడిగేది, ఆయన గొంతుతోనే చెప్పేవారు. ఇంకేమీ అక్కర్లేదు మాకు.

ఈమధ్య అప్‌డేట్ వచ్చి పాత అసిస్టెంట్ స్థానంలో కొత్తది కూర్చుంది. కావాలని మేం అడగలేదు, మార్చమంటారా అని వాళ్లూ అడగలేదు. ఇప్పుడు అదే మాట అంటే "ముందు ఫోన్ అన్‌లాక్ చేయండి" అంటోంది. అమ్మ అన్‌లాక్ చేసిచ్చినా "ఈ పేరుతో రెండు నంబర్లు ఉన్నాయి, స్క్రీన్ మీద చూసి ఎంచుకోండి" అంటోంది. చూసి ఎంచుకోగలిగితే ఆయనకు దీని అవసరం ఏముంది? మొన్నయితే కాల్ కలపకుండా ఇంట్లో పెద్ద కొడుకు బాధ్యతల గురించి ఉపన్యాసం మొదలుపెట్టింది. నాన్న కాసేపు విని, ఫోన్ మంచం మీద పెట్టేసి, "దీనికి బుద్ధి మందగించిందిరా" అన్నారు.

అమ్మ బజారుకో గుడికో వెళ్తే ఇంట్లో ఆయన ఒక్కరే. అదే నా టెన్షన్. కంపెనీ పేరు రాయను, రాస్తే చర్చంతా అటే పోతుంది. వెనక్కి వెళ్లే దారి ఉందా? కళ్లు కనపడనివాళ్లు ఇప్పుడు ఏం వాడుతున్నారు?

నల్లగొండ_నరేష్
ఆటో అప్‌డేట్ బంద్ పెట్టు అన్నా. అయిపోతది.

హెల్మెట్_బాబు
మీ నాన్నగారి కష్టం ముందు నాది చిన్నదే కానీ రోగం ఒకటే. పొద్దున్నుంచి రాత్రిదాకా బండి మీద పార్సిళ్లు వేస్తా. హెల్మెట్‌లో బ్లూటూత్. ఇదివరకు "మెసేజ్ చదువు" అంటే చదివేసి ఊరుకునేది. ఇప్పుడు చదివాక "దీనికి జవాబు రాయమంటారా, లేక ఇంకేమైనా సాయం కావాలా" అని మైక్ తెరిచి పెట్టుకుని కూర్చుంటోంది. అది వింటున్నంతసేపూ మ్యాప్ గొంతు వినపడదు. మియాపూర్ దగ్గర తిరగాల్సిన చోట తిరగకుండా ముందుకు వెళ్లిపోయా. యూటర్న్ ఎంత దూరంలో ఉంటుందో హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

సర్వర్_సూరి
నరేష్, ఆటో అప్‌డేట్ ఆపినా లాభం ఉండదు. వాయిస్ అసిస్టెంట్‌లో ఫోన్‌లో ఉండే భాగం చిన్నది. పిలుపు వినడం, మైక్ తెరవడం, స్క్రీన్ మీద చూపించడం ఇక్కడ జరుగుతాయి. చెప్పిన మాటను అర్థం చేసుకునే పని ఎక్కువగా కంపెనీ సర్వర్‌లోనే. అక్కడ మార్చితే ఇక్కడ మనం ఏ బటన్ నొక్కకపోయినా మారిపోతుంది. పైగా అన్ని అప్‌డేట్‌లూ ఆపేస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగుతాయి. యూపీఐ ఉన్న ఫోన్‌లో అది అస్సలు మంచిది కాదు.

నల్లగొండ_నరేష్
అంటే ఫోన్ మనది, మెదడు వాళ్లదన్నట్టు.

పద్మ_విజయనగరం
మా ఇంట్లో మాట వినే స్మార్ట్ స్పీకర్ సంగతీ అంతే. హాల్లో ఒకే ఫ్యాన్, పడగ్గదిలో ఒకే ఫ్యాన్. హాల్లో కూర్చుని "ఫ్యాన్ ఆపు" అంటే హాల్ ఫ్యానే ఆగేది, ఎందుకంటే యాప్‌లో స్పీకర్‌ను హాల్ అనే గదిలో చేర్చాం. ఇప్పుడు "ఏ ఫ్యాన్?" అంటోంది. చెప్తే "సరే, హాల్లో ఫ్యాన్ ఆపుతున్నాను, ఈరోజు వాతావరణం చల్లగా ఉంది కదా" అంటోంది. మే నెలలో! ఫ్యాన్ ఆగేసరికి నేను లేచి వెళ్లి స్విచ్ ఆపి రావచ్చు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కోసమే పెట్టించాం. కొత్త గొంతు గబగబా మాట్లాడుతుంది, ఆవిడకు సగం అందదు. "పాత అమ్మాయి ఎక్కడికెళ్లిపోయిందే?" అని అడుగుతున్నారు.

హెల్మెట్_బాబు
పద్మక్కా, మే నెలలో చల్లగా ఉందన్నదంటే సర్వర్ గదిలో ఏసీ వేసుంటారు.

డల్లాస్_పెదబాబు
ఇది ఒక కంపెనీ జబ్బు కాదు, మొత్తం రంగమే ఒక మలుపులో ఉంది. 2011లో ఐఫోన్ 4ఎస్‌తో సిరి వచ్చింది, 2014లో అమెజాన్ అలెక్సా, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కోర్టానా, 2016లో గూగుల్ అసిస్టెంట్. అప్పట్లో అందరిదీ ఇంచుమించు ఒకే పద్ధతి. ఇప్పుడు అందరూ వాటి కింద పెద్ద భాషా నమూనాలను, అంటే బోలెడు రాతలు చదివించి మాటలు అల్లడం నేర్పిన ఏఐ ప్రోగ్రాములను, పెడుతున్నారు. 2025 ఫిబ్రవరిలో అమెజాన్ అలాంటి అలెక్సా ప్లస్ ప్రకటించింది. ఆ మార్చిలో గూగుల్, ఫోన్లలో అసిస్టెంట్ బదులు తన కొత్త ఏఐ సహాయకుడు జెమిని తెస్తామని, ఏడాది చివరికి చాలావరకు పూర్తి చేస్తామని చెప్పింది. డిసెంబర్ వచ్చేసరికి ఆ గడువును 2026లోకి జరిపింది. యాపిల్ కూడా 2025 మార్చిలోనే, తాను చూపించిన కొత్త సిరి సదుపాయాలకు ఇంకా సమయం పడుతుందని ఒప్పుకుంది. అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉన్నవాళ్లే వాయిదాలు వేస్తున్నారంటే పాత పనులను కొత్త యంత్రంతో చేయించడం తేలిక కాదని అర్థం.

కోర్టానా కథ అయితే 2023లో విండోస్ నుంచి యాప్‌నే తీసేయడంతో ముగిసింది.

తూనీగ
పెదబాబు గారూ, కష్టమని తెలిసినప్పుడు పాతది ఉంచి పక్కన కొత్తది పెట్టొచ్చు కదా? ఎందుకు తీసేస్తారు?

సర్వర్_సూరి
రెండూ నడపాలంటే రెండు బృందాలు, రెండు ఖర్చులు. కారణం డబ్బే. నేను ఇలాంటి వ్యవస్థల మీదే పనిచేస్తాను కాబట్టి లోపల ఏం మారిందో కొంచెం వివరంగా చెప్తా.

పాత పద్ధతిలో వాక్యాన్ని రెండు ముక్కలుగా చూసేవాళ్లు. పని ఏమిటి, ఆ పనికి కావాల్సిన వివరాలు ఏమిటి. "కాల్ పెద్దోడు" అంటే పని కాల్ చేయడం, వివరం పేరు. పేరు కాంటాక్ట్స్‌లో వెతుకు, ఒకటి దొరికితే కలుపు, రెండుంటే అడుగు. అంతే. రైల్వే రిజర్వేషన్ ఫారం లాంటిది, గళ్లు నిండితే టికెట్ వస్తుంది. దానికి తెలివి లేదు, కానీ ఒకే మాటకు ఎప్పుడూ ఒకే జవాబు.

కొత్త పద్ధతిలో మీ మాట భాషా నమూనాకు వెళ్తుంది. ఇది ప్రశ్నా, కబురా, ఫోన్‌తో చేయించాల్సిన పనా అని అది ముందు తేల్చుకోవాలి. పని అనుకుంటే ఏ యాప్‌ను పిలవాలో ఎంచుకోవాలి. ఈ తేల్చుకోవడం అంతా సంభావ్యత లెక్కల మీద నడుస్తుంది. అందుకే పొద్దున కాల్ కలిపింది సాయంత్రం ఉపన్యాసం చెప్పొచ్చు. మీ నాన్నగారి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. "పెద్దోడు" అన్నమాట కాంటాక్ట్‌లో పేరని కాకుండా మాట్లాడాల్సిన విషయమని అనుకుంది. ఆలస్యం కూడా అందుకే. పెద్ద నమూనా జవాబు తయారు చేయడానికి పట్టే సమయం, చిన్న నియమం పట్టి చూడడానికి పట్టే సమయం ఒకటి కావు.

పని చెప్పే మాటలకు పాత దారి అలాగే ఉంచి, మిగతా వాటినే నమూనాకు పంపాలని నేను గట్టిగా నమ్ముతాను. అలా కట్టడం సాధ్యమే.

రాయలసీమ_రాగి
అందరూ తిడుతున్నారు గానీ నేను ఒప్పుకోను. మా అమ్మకు ఇంగ్లీష్ రాదు. 2017లో గూగుల్ తెలుగులో మాట్లాడి టైప్ చేసే సదుపాయం తెచ్చినప్పుడు ఆమెకు కొంచెం దారి దొరికింది. కానీ తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే అసిస్టెంట్ సరిగ్గా లేదు. 2024 జూన్‌లో జెమిని యాప్ తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ భాషల్లో వచ్చింది. ఇప్పుడు మా అమ్మ వేరుశనగ ఆకు మీద మచ్చలు ఎలా ఉన్నాయో చెప్పి ఏం చేయాలని అడుగుతుంది, అది తిరిగి రెండు ప్రశ్నలు వేసి జవాబు చెబుతుంది. పాతదైతే "క్షమించండి, అర్థం కాలేదు" అని ఊరుకునేది. ఫ్యాన్ ఆలస్యంగా ఆగిందని దీన్ని వెనక్కి పంపేద్దామంటే మా అమ్మలాంటి వాళ్ల గతేంటి?

పద్మ_విజయనగరం
రాగి గారూ, మీ అమ్మగారిది నిజమైన లాభమే, కాదనను. కానీ మా అత్తగారికి ఫ్యాన్ అంటే చిన్న విషయం కాదు. లేవలేని మనిషికి స్విచ్ దూరమే.

రాయలసీమ_రాగి
అది నిజమే అక్కా. వెనక్కి పంపాలని కాదు, రెండూ ఉండాలనే నా మాట కూడా. సూరి చెప్పినట్టు.

ఇంకోటి, ఆకు మచ్చల జవాబును నమ్మి మందు కొట్టం. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో (పాత ఆర్‌బీకే) చూపించాకే. అది తప్పు చెప్పినా ధైర్యంగా చెప్తుంది.

బ్రెయిలీ_మాస్టారు
గోదారి_గట్టు, నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి, స్కూల్లో సోషల్ చెప్తాను. ఇక్కడున్న పోస్టులన్నీ స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించేది) విన్నాను. మీ నాన్నగారికి ఈరోజే చేయగలిగినవి చెప్తా.

ముందు నంబర్ల గొడవ. మీ పేరు మీదున్న రెండు నంబర్లలో ఒకదాన్ని డిఫాల్ట్ చేయండి. కాంటాక్ట్ తెరిచి నంబర్ మీద కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ ఆప్షన్ వస్తుంది. అప్పుడు అది "ఎంచుకోండి" అనే అవకాశం తగ్గుతుంది. ఇంకా మంచిది ఆఫీసు నంబర్‌ను వేరే పేరుతో దాచడం. పేరు తెలుగు లిపిలో ఉండి అసిస్టెంట్ భాష ఇంగ్లీష్ అయితే చాలాసార్లు దొరకదు. పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి చూడండి. "పెద్దోడు" లాంటి బంధుత్వపు పిలుపు కన్నా అసలు పేరు పెడితే ఉపన్యాసాల బెడద కూడా తగ్గుతుంది.

తర్వాత లాక్ సంగతి. ఫోన్ లాక్‌లో ఉన్నా కాల్స్, మెసేజ్‌లు చేయనివ్వాలా అన్న స్విచ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో విడిగా ఉంటుంది. అసిస్టెంట్ మారినప్పుడు పాతదానికి ఇచ్చిన అనుమతి కొత్తదానికి రాకపోవచ్చు. అది చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క గొంతు మీదే ఆధారపడనివ్వకండి. ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ మీద డైరెక్ట్ డయల్ విడ్జెట్ పెట్టొచ్చు. దాన్ని ముట్టుకుంటే నేరుగా మీకు కాల్ వెళ్తుంది. హోమ్ స్క్రీన్ ఖాళీ చేసి నాలుగు మూలల్లో నాలుగు పెట్టండి. ఫోన్ అంచులు వేళ్లకు తెలుస్తాయి కాబట్టి మూలలు కనుక్కోవడం తేలిక. టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే వేలు పెట్టినచోట ఏముందో చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. వచ్చిన కాల్ ఎత్తడానికి, పెట్టేయడానికి రెండు వేళ్లతో రెండుసార్లు స్క్రీన్ మీద ఎక్కడ తట్టినా చాలు. ఈ ఒక్కటి నేర్పితే ఆయనకు ధైర్యం వస్తుంది.

గోదారి_గట్టు
మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే గుండె తేలికపడింది. మూలల ఆలోచన నాకు తట్టనే లేదు. కానీ నాన్న వయసుకు టాక్‌బ్యాక్ పట్టుబడుతుందా? వేళ్లు కూడా కొంచెం వణుకుతాయి.

బ్రెయిలీ_మాస్టారు
వణుకు ఉంటే రెండుసార్లు తట్టడం కష్టమే. అలాంటప్పుడు పక్కన ఒక కీప్యాడ్ ఫోన్ కూడా ఉంచండి. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని పట్టుకుని మిగతావి తెలుస్తాయి. 2 మీద మిమ్మల్ని, 3 మీద అమ్మను స్పీడ్ డయల్ పెట్టి, నొక్కి పట్టుకోమనండి. ఆ బటన్లను ఏ అప్‌డేటూ మార్చదు. మా సీనియర్ మాస్టారు ఒకాయన స్మార్ట్‌ఫోన్ పాఠాలు వినడానికి, కీప్యాడ్ ఫోన్ మాట్లాడడానికి అని రెండూ పెట్టుకున్నారు.

నా కోపం వేరే చోట ఉంది. గొంతుతో ఫోన్ నడపడం చూపున్నవాళ్లకు సౌకర్యం, మాకు అవసరం. మార్చేముందు మాలాంటి నలుగురి చేతిలో పెట్టి చూసుంటే "స్క్రీన్ మీద చూసి ఎంచుకోండి" అన్న జవాబు బయటికే వచ్చేది కాదు.

తూనీగ
👏 పై మాట ఆ కంపెనీల గోడలమీద రాయాలి.

కాంతం_అడ్వొకేట్
మాస్టారి మాటకు చట్టం వైపు నుంచి కొంత బలం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ సమాచార సాంకేతిక సదుపాయాల గురించి, 43వ సెక్షన్ వాడుక వస్తువులను అందరూ వాడుకునేలా తయారుచేయడం గురించి చెబుతాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు తనిఖీ) కేసులో తీర్పిస్తూ డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. అక్కడా సమస్య ఇలాంటిదే. కళ్లు ఆర్పి చూపించమంటే యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు ఏం చేస్తారని. ఆ తీర్పు కేవైసీ గురించి, వాయిస్ అసిస్టెంట్ల గురించి కాదు, రెండూ కలిపేసి రేపే కేసు గెలుస్తామనుకోవద్దు. కానీ కంపెనీకి రాసే ఫిర్యాదులో ఇవి ప్రస్తావిస్తే బరువుంటుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పొచ్చు. కొన్నప్పుడు పెట్టె మీద, ప్రకటనలో ఏ సదుపాయం ఉందని రాశారో ఫొటో తీసి ఉంచుకోండి. ఉందని చెప్పి అమ్మి తర్వాత తీసేశారని వాదించడానికి అదే ఆధారం.

హెల్మెట్_బాబు
కాంతం మేడమ్, తీసేయొచ్చని షరతుల్లో రాసుకుంటారు కదా? మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" నొక్కేస్తాం.

కాంతం_అడ్వొకేట్
రాసుకుంటారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే భావన ఉంది. షరతుల్లో రాసినంత మాత్రాన ఏదైనా చెల్లుతుందని కాదు.

డల్లాస్_పెదబాబు
తీసేయడం కొత్తేమీ కాదు. 2024 జనవరిలో గూగుల్ అసిస్టెంట్ నుంచి 17 సదుపాయాలు తీసేస్తున్నట్టు కంపెనీయే ప్రకటించింది. వాడకం తక్కువని కారణం చెప్పారు. రేడియో, పాటలతో మోగే అలారాలు, స్పీకర్లలో స్టాప్‌వాచ్, నోటితో ఈమెయిల్ పంపడం అందులో ఉన్నాయి. 2025 మార్చి 28 నుంచి అమెజాన్ అమెరికాలో అలెక్సా ఉండే కొన్ని ఎకో పరికరాల్లో గొంతు రికార్డింగ్‌ను సర్వర్‌కు పంపకుండా పరికరంలోనే అక్షరాలుగా మార్చే ఆప్షన్‌ను తీసేసింది. మా ఇంటి పక్కాయన దాని కోసమే ఆ మోడల్ ఎంచి కొన్నాడు.

కేసుల వల్ల పోయినవీ ఉన్నాయి. 2022 జనవరిలో, స్పీకర్లు తయారుచేసే సోనోస్ కంపెనీ వేసిన పేటెంట్ కేసులో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ తీర్పు తర్వాత, గూగుల్ స్పీకర్ల గుంపు మొత్తానికి ఒకేసారి వాల్యూమ్ మార్చే పద్ధతిని మార్చేసింది.

తూనీగ
"వాడకం తక్కువ" అన్న కారణమే నాకు మింగుడు పడదు. వాడేవాళ్లు తక్కువైనా వాళ్లకు అదొక్కటే దారి కావచ్చు. లెక్కల్లో మాస్టారు, గోదారి వాళ్ల నాన్నగారు ఎప్పుడూ తక్కువే ఉంటారు.

సర్వర్_సూరి
తూనీగ, నేను ఆఫీసులో ప్రతి మీటింగ్‌లో చెప్పేది ఇదే. ఎంతమంది వాడుతున్నారన్న పట్టీ ఉంటుంది, ఎవరికి తప్పనిసరి అన్న పట్టీ ఉండదు. రెండోది పెట్టాలని మా బృందంలో అడుగుతూనే ఉన్నాను.

గోదారి, వెనక్కి వెళ్లే దారి అడిగావు కదా. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో డిజిటల్ అసిస్టెంట్ యాప్ అని ఉంటుంది. అక్కడ ఏముందో చూడు. అది కాకుండా కొత్త అసిస్టెంట్ యాప్ సెట్టింగ్స్ లోపల కూడా పాతదానికి మారే ఆప్షన్ కొన్ని ఫోన్లలో ఉంటుంది. ఉంటే ఇప్పుడే మార్చెయ్. కానీ అది శాశ్వతం కాదు, ఏదో రోజు పోతుంది. అందుకే మాస్టారు చెప్పిన విడ్జెట్లు, కీప్యాడ్ ఫోన్ ముందు సిద్ధం చెయ్.

నల్లగొండ_నరేష్
పద్మక్కా, మీ ఫ్యాన్‌కి కూడా ఒక మందుంది. రెండు ఫ్యాన్లకీ "ఫ్యాన్" అని ఉన్న పేరు తీసెయ్యి. ఒకదానికి "గంగ", ఇంకోదానికి "గౌరి" అని పెట్టు. "గంగ ఆపు" అంటే దానికి డౌట్ రాదు. మా ఇంట్ల మోటరుకు అట్లనే పెట్టినం.

పద్మ_విజయనగరం
నరేష్ తమ్ముడూ, పెట్టి చూశాం, పనిచేసింది! అత్తగారు ఉదయం నుంచి గంగను, గౌరిని పిలుస్తూనే ఉన్నారు. వాతావరణం కబుర్లు మాత్రం ఆగలేదు. జవాబులు క్లుప్తంగా చెప్పే మోడ్ ఏదో ఉందట కదా, అది ఎక్కడుంటుంది?

డల్లాస్_పెదబాబు
పద్మ గారూ, అలెక్సాలో బ్రీఫ్ మోడ్ అని ఉంటుంది, యాప్‌లో వాయిస్ రెస్పాన్స్‌ల సెట్టింగ్ కింద. అది పెడితే "సరే" అనే బదులు చిన్న శబ్దం చేసి ఊరుకుంటుంది. మీది వేరేదైతే దాని యాప్‌లో అలాంటిదే వెతకండి. మాట వేగం తగ్గించమని నోటితో అడిగినా కొన్ని వింటాయి. అత్తగారి కోసం అది ముందు చేయండి.

గోదారి_గట్టు
ఈ ఆదివారం ఇంటికి వెళ్తున్నా. డిఫాల్ట్ నంబర్, లాక్ స్విచ్, మూలల్లో విడ్జెట్లు, ఆ వరసలో చేస్తా. కీప్యాడ్ ఫోన్ కూడా తీసుకెళ్తున్నా. కాంతం గారూ, కంపెనీకి రాసే ఉత్తరం ముసాయిదా ఇక్కడే పెడతా, సెక్షన్లు సరిగ్గా రాశానో లేదో చూడండి. మాస్టారూ, ఒక్క అనుమానం. ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయి. విడ్జెట్ ముట్టుకున్నప్పుడు "ఏ సిమ్?" అని మళ్లీ స్క్రీన్ మీద అడుగుతుందా?

బ్రెయిలీ_మాస్టారు
అడుగుతుంది, ముందే మార్చకపోతే. సిమ్ సెట్టింగ్స్‌లో కాల్స్‌కు "ప్రతిసారీ అడుగు" అని ఉంటే తీసేసి ఒక సిమ్‌ను పెట్టండి. ఆయన రీచార్జ్ ఏ సిమ్‌కు చేయిస్తున్నారో ఆ సిమ్మే.